ఐదేళ్ల గడువు ఒక్కటే చూడకండి

బండి నడిపేవాళ్ల హెల్మెట్ల మీద మీరు వేసిన వ్యాసంలో ఐదేళ్లకోసారి హెల్మెట్ మార్చాలని రాశారు, బాగుంది. కానీ ఒక్కసారి గట్టి దెబ్బ తగిలితే, కొని నెల కాకపోయినా సరే, మార్చాల్సిందే. దెబ్బను తీసుకునేది లోపలున్న థర్మాకోల్ లాంటి పొర. అది నలిగిన చోట మళ్లీ ఉబ్బదు, పైడొప్ప మీద మాత్రం గీత కూడా కనిపించకపోవచ్చు. బండి అద్దానికి తగిలించినా ఆ పొరలో గుంట పడుతుంది, దయచేసి ఆ అలవాటు మానండి. పెట్రోలుతో, థిన్నరుతో తుడిస్తే ప్లాస్టిక్ డొప్ప పెళుసుబారుతుంది, సబ్బునీళ్లు చాలు. పట్టీ బిగించి తల ఊపినప్పుడు హెల్మెట్ వదులుగా కదిలితే లోపలి స్పాంజి అణిగిపోయినట్టే. కొత్తది కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు పైన ఐఎస్ 4151 (హెల్మెట్లకున్న భారత ప్రమాణం సంఖ్య) అని ఉందా, లోపలి స్టిక్కరు మీద తయారీ తేదీ ఎప్పటిది అన్నవి చూసుకోండి. వెనక కూర్చునేవాళ్ల హెల్మెట్‌కూ ఇవన్నీ వర్తిస్తాయి.