పూత వచ్చిన ఆకు విషం కాదు

వంటకు వాడే సువాసన ఆకుల మొక్కల గురించి "పూత వచ్చిన ఆకు విషమవుతుంది, మొక్కను వేళ్లతో సహా పీకేయండి" అంటూ మొదలయ్యే సందేశాన్ని దయచేసి ఇక నాకు పంపకండి. దాన్ని నమ్మి ఎవరో నిక్షేపంగా ఉన్న పుదీనా కుండీని ఖాళీ చేస్తున్నారంటే ఒళ్లు మండుతోంది.

ముందు ఈ విషం సంగతి తేల్చుకుందాం. పుదీనా, కొత్తిమీర, బేసిల్ (తులసికి దగ్గరి బంధువు) పూలను నిక్షేపంగా తినవచ్చు. పూతతో మారేది రుచి, అదీ అన్నిటిలో ఒకేలా మారదు. పగటి పొద్దు పెరిగి ఎండ ముదిరితే కొత్తిమీర కాడ సాగుతుంది, వెడల్పాటి ఆకుల బదులు దారపు పోగుల్లాంటివి వస్తాయి. వాటిని నలిపితే మునుపటి ఘాటు ఉండదు, ఒప్పుకుంటాను. కానీ కాస్త ఓపిక పడితే ఆ మొక్కే పచ్చికాయలు కాస్తుంది. ఒకటి కొరికి చూడండి, ఆకు వాసనా ధనియాల వాసనా కలిసి తగులుతాయి. ఆకు ఘాటు ఆల్డిహైడ్లు అనే పదార్థాల వల్ల, ధనియాల పరిమళం లినలూల్ అనే పదార్థం వల్ల వస్తాయి. కాయ ముదిరేకొద్దీ మొదటివి తగ్గి రెండోది పైచేయి అవుతుంది. పీకేశాక ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి? పిజ్జా మీద చల్లే ఒరెగానో సంగతి మరీ అన్యాయం. దాని ఆకులో వాసననిచ్చే నూనె బాగా పట్టేదే పూత సమయంలో. నూనె తీయడానికి పెప్పర్‌మింట్ అనే పుదీనా రకాన్ని సాగుచేసే రైతులు కూడా సాధారణంగా పూత మొదలయ్యాకే కోతకు దిగుతారు. వాళ్లంతా విషం పండిస్తున్నారా? పైగా పుదీనా, ఒరెగానో ఏళ్ల తరబడి బతికే మొక్కలు. పూత కోసేస్తే మళ్లీ చిగురిస్తాయి.

అదే సందేశంలో ఇంకో మాట: "వారం వారం నత్రజని ఎరువు వేస్తే సువాసన పెరుగుతుంది" అట. పెరిగేది ఆకు. థైమ్ అనే చిన్నాకుల సువాసన మొక్క, ఒరెగానో లాంటివి ఎరువు ఎక్కువైతే ఏపుగా పెరుగుతాయి, ఘాటు పలచబడుతుంది. వాటికి కావలసింది రోజుకు కనీసం 6 గంటల ఎండ, నీటికీ నీటికీ మధ్య మట్టి ఆరేంత విరామం. కొత్తిమీరను మాత్రం అలా ఎండబెట్టకండి, తొందరగా పూతకొస్తుంది.

మిట్టమధ్యాహ్నం కోయాలని కూడా అందులోనే ఉంది. వద్దు. ఉదయం, ఆకు మీద మంచు ఆరగానే కోయండి. ఇనుప కత్తెర తగిలితే వాసన పోతుందన్నదానికి జవాబు కూడా దండగ.

అయితే ఆ సందేశంలో ఒక మాట అక్షరాలా నిజం: బేసిల్ మొగ్గలను తుంచాలి. కంకి వేస్తే కొత్త ఆకులు రావడం మందగిస్తుంది, నూనె గ్రంథులు దట్టంగా ఉండేది లేత ఆకులోనే. ఎక్కడ తుంచాలో మాత్రం అందులో రాయలేదు. ఎదురెదురుగా ఉన్న ఆకుల జతకు సరిగ్గా పైన తుంచండి, అక్కడి నుంచి రెండు కొమ్మలు వస్తాయి.