బంగారు అతుకు కింద సొన

పగిలిన పింగాణీ కప్పును బంగారంతో అతికించిన ఫొటో ఈపాటికి మీ వాట్సాప్‌కు వచ్చే ఉంటుంది. దాని కింద ‘మీ గాయాలే మీ అందం’ తరహా మాట ఒకటి. కింత్సుగి అనే ఈ జపాన్ పనితనాన్ని విడాకుల దగ్గర్నుంచి ఇంటర్ ఫెయిలవడం దాకా అన్నిటికీ మందులా వాడేస్తున్నాం. ఆ మాటలతో నాకు పెద్ద పేచీ లేదు. ఆ కథలో సొన ఊసే లేకపోవడంతోనే పేచీ.

కింత్సుగిలో ముక్కల్ని పట్టి ఉంచేది బంగారం కాదు, ఉరుషి అనే చెట్టు సొన. అందులో గోధుమపిండి కలిపి ముక్కలు అంటిస్తారు. మెత్తటి మట్టిపొడి కలిపి సందులు పూడుస్తారు. గట్టిపడ్డాక నున్నగా అరగదీసి, పైన మళ్లీ సొన పూసి, అది తడిగా ఉండగానే బంగారు పొడి చల్లుతారు. ఉరుషి ఎండలో పెడితే ఆరే రకం కాదు. గాలిలో తేమ 70 శాతం పైన ఉండి, కాస్త వెచ్చగా ఉంటేనే గట్టిపడుతుంది. అందుకే లోపల తడిపిన చెక్క బీరువాలో పెడతారు. ఒక కప్పుకు వారాలు, ఒక్కోసారి నెలలు. నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న కిట్‌లో రెండు ఎపాక్సీ జిగురు ట్యూబులు, ఒక పొట్లం మెరుపు పొడి వచ్చాయి. అరగంటలో పనైపోయింది. తినే, తాగే పాత్రలకు వాడొద్దని పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంది.

కింత్సుగి పుట్టుక గురించి చెప్పే కథ కూడా అంతే. 15వ శతాబ్దపు షోగన్ (సైనిక పాలకుడు) అషికాగ యోషిమస తన పగిలిన చైనా గిన్నెను బాగుచేయమని అక్కడికే పంపితే, లోహపు కొక్కేలు బిగించి తిప్పి పంపారట. అది నచ్చక బంగారు అతుకు కనిపెట్టారని ప్రచారం. ఆ గిన్నె ఇప్పుడు టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉంది. లేత ఆకుపచ్చ గిన్నె, దాని మీద ఆ కొక్కేలు అలాగే ఉన్నాయి. ఎవరూ పీకి పారేయలేదు. పైగా అవి పెద్ద మిడతల్లా ఉన్నాయని ముచ్చటపడి గిన్నెకు ‘బకోహన్’ అని ఆ పేరే పెట్టుకున్నారు.

ఇంతకీ ఉరుషి మనకు మరీ పరాయిదేం కాదు. మామిడి, జీడిమామిడి, నల్లజీడి, ఉరుషి అన్నీ ఒకే కుటుంబం చెట్లు. తొడిమ దగ్గరి సొన తగిలి చిన్నప్పుడు మూతి పొక్కిన వాళ్లకు ఉరుషి స్వభావం వేరే చెప్పక్కర్లేదు, కాకపోతే ఇది ఇంకా ఘాటు. పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల చేతుల్ని కాల్చే పెంకు నూనె కూడా దీనికి దగ్గర చుట్టమే. ఆ నూనెతో చేసే రంగును జపాన్‌లో ఉరుషికి బదులుగా వాడతారు, దాని పేరే ‘కాష్యూ’.

ఉత్తర జపాన్‌లోని ఇవాతె రాష్ట్రంలో జోబోజి అనే చోటు ఉంది. దేశంలో తీసే ఉరుషిలో ఎక్కువ భాగం అక్కడిదే. అక్కడి గీత కార్మికులు జూన్ నుంచి అక్టోబరు దాకా చెట్టు బెరడు మీద నాలుగైదు రోజులకోసారి ఒక్కో గీత పెడుతూ, ఊరిన సొనను చుక్క చుక్కగా గీకి తీసుకుంటారు. చెట్టు ఈ పనికి రావాలంటే 10 నుంచి 15 ఏళ్లు పెరగాలి. అంతా చేస్తే దక్కేది దాదాపు 200 మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసు. మన తాడిచెట్టులా ఏటేటా ఇవ్వదు. ఆ సీజన్ అయ్యాక చెట్టును కొట్టేస్తారు.

ఈ కష్టం చూస్తే జపాన్ తాను వాడే ఉరుషిలో 90 శాతానికి పైగా చైనా నుంచి ఎందుకు తెచ్చుకుందో అర్థమవుతుంది. జాతీయ సంపదగా ప్రకటించిన గుళ్లకు కూడా పరాయి సొనే పూశారు. 2015లో జపాన్ సాంస్కృతిక వ్యవహారాల సంస్థ, ఇకపై జాతీయ సంపదల, ముఖ్య కట్టడాల మరమ్మతుకు స్వదేశీ ఉరుషి వాడాలని చెప్పింది. జోబోజిలో మళ్లీ మొక్కలు నాటడం మొదలైంది.

జపాన్‌ను మెచ్చుకోవాల్సింది ఇక్కడ అని నా ఉద్దేశం. ‘సజీవ జాతీయ నిధులు’ అని జనం పిలిచే గొప్ప కళాకారులకు ఏటా 20 లక్షల యెన్లు ఇవ్వడం అందరికీ తెలిసిన సంగతే. అంతకన్నా తెలివైన పని 1975లో జరిగింది. చట్టాన్ని సవరించి, సొన తీసేవాళ్లూ పనిముట్లు చేసేవాళ్లూ లాంటి తెరవెనక మనుషుల పనికి విడిగా గుర్తింపు ఇచ్చారు. శాలువా కప్పడానికి పెద్ద కళాకారుడు ఎప్పుడూ దొరుకుతాడు. ఆయన చేతికి సొన అందించేవాడు లేకపోతే ఆ శాలువాతో ఏం చేసుకుంటాడు?

ఇసె ఆలయానిది మరో పద్ధతి. 20 ఏళ్లకోసారి పక్క స్థలంలో గుడిని కొత్తగా కట్టి, దేవతకు సమర్పించే 1,576 వస్తువుల్ని కూడా కొత్తగా చేయిస్తారు. కత్తులు, బట్టలు, పెట్టెలు, అన్నీ. 2013లో జరిగింది 62వది, తర్వాతిది 2033లో. భక్తి సంగతి అలా ఉంచితే, పనివాడి వైపు నుంచి చూస్తే అది తప్పకుండా వచ్చే ఆర్డరు. కుర్రాడిగా ఒకసారి, మేస్త్రీగా ఇంకోసారి అదే పని చేసే అవకాశం.

అయితే సర్కారు ఆర్డరు గుడిని నిలబెడుతుంది కానీ ఇంట్లో సూప్ గిన్నెను నిలబెట్టలేదు. జపాన్‌లోని వజిమ ఊళ్లో చేసే ఉరుషి పూత చెక్క గిన్నెలకు ఒకప్పుడు కొనేవాళ్లు ఊళ్లలోనే ఉండేవాళ్లు. నూరుకు పైగా దశలు దాటి వచ్చే సరుకు ఒకేసారి కొనే స్తోమత ఎవరికుంటుంది? అందుకే ‘వాన్-కో’ అని గిన్నెల చీటీ నడిపేవాళ్లు. అచ్చం మన చిట్టీనే. ఏటా వాయిదా కట్టడం, వంతు వచ్చినవాళ్లు గిన్నెల సెట్టు తీసుకోవడం. అంచు చిట్లితే అమ్మినవాడే పట్టుకెళ్లి బాగుచేసి ఇచ్చేవాడు. ఇప్పుడు సూపు రంగేసిన ప్లాస్టిక్ గిన్నెలో తాగుతున్నారు. ఎవరినీ తప్పుపట్టలేం, దాన్ని డిష్‌వాషర్‌లో పడేయొచ్చు.

2024 జనవరి 1న 7.6 తీవ్రతతో వచ్చిన భూకంపం వజిమను కుదిపేసింది. మంటల్లో పేరున్న పొద్దుటి సంత కాలి బూడిదైంది. సెప్టెంబరులో అదే ఊరిని వరద ముంచింది. ఒక గిన్నె మీద చెక్కను లేత్ పట్టేవాడు, అడుగు పూత వేసేవాడు, నునుపు చేసేవాడు, పై పూత వేసేవాడు వేర్వేరు మనుషులు, వేర్వేరు ఇళ్లలో పని చేసుకునేవాళ్లు. ఒక్కడు ఊరు వదిలినా మిగతావాళ్ల చేతిలో పని ఆగుతుంది. అటు జోబోజిలో, 2015 తర్వాత నాటిన మొక్కల్లో మొదటివి ఈ దశాబ్దం చివరికి గీతకు వస్తాయి.