ఫాలో కాండ్రి

మాఘమాసం, మంచి ముహూర్తం, పైగా ఆదివారం. అలాంటి రోజు చుట్టాలను కాజీపేట స్టేషన్ బయట నిలబెట్టి "ముందు పోయే తెల్ల కారును ఫాలో కాండ్రి, హంటర్ రోడ్డు మీదనే ఫంక్షన్ హాలు" అని చెప్పేవాళ్లకు దండం పెట్టాలి. ఆ రోజు ఓరుగల్లులో బంతిపూల దండ లేని తెల్ల కారంటూ ఉంటే అది ఇంకా షోరూంలోనే ఉండి ఉంటుంది.

స్టీరింగ్ మా బావ చేతిలో ఉంది. ఆయన ఫాలో కావడం ఇన్‌స్టాగ్రామ్‌లో నేర్చుకున్నాడు, ఒకసారి నొక్కితే అయిపోయినట్టే, తర్వాత అవతలివాళ్లు ఎటు పోయినా పట్టించుకోడు. ఫాతిమానగర్ దాటేదాకా బాగానే పోయాం. సుబేదారిలో ఆర్టీసీ బస్సు ఒకటి అడ్డమొచ్చింది, అది పక్కకు జరిగేసరికి ముందు తెల్ల కారే ఉంది, దానికి పూలూ ఉన్నాయి, ఇంకేం కావాలి. అదాలత్ దగ్గర ఆ కారు హంటర్ రోడ్డుకు మళ్లకుండా హనుమకొండ చౌరస్తా వైపు పోతుంటే అక్క ఊరుకోలేక "గిటెందుకు పోతున్నరు?" అంది.

"షార్ట్‌కట్ అయ్యుంటది. నీకు ఫాలో అయితలేదు" అన్నాడు బావ. అక్క మళ్లీ నోరు విప్పలేదు. అదంతా రాత్రి ఇంటికి పోయాక విప్పింది, అది వేరే కథ.

ములుగు రోడ్డులో ఒక గేటు ముందు దిగాం. పన్నీరు చల్లారు, "రాండ్రి, ముందు తినుండ్రి" అన్నారు. పెళ్లిలో కొత్త మొహాన్ని ఎవరూ అనుమానించరు, పిల్ల తరఫువాళ్లు పిలగాని వైపు అనుకుంటారు, వాళ్లేమో వీళ్ల వైపు అనుకుంటారు. షుగర్ వచ్చిందగ్గర్నుంచి డైట్ ఫాలో అవుతున్నానని వాడంతా చెప్పుకునే మా పెద్దబాపు బగారన్నంలో మటన్ మారు వేయించుకుని, డబుల్ కా మీఠా గిన్నె అడుగు గీకి మరీ తిన్నాడు.

"డాక్టర్ ఫాలోఅప్‌కు రమ్మన్నడు గద పెద్దబాపు?"

"అందుకేరా. ఏం లేకుండ పోతే ఆయనకు ఏం చూపియ్యాలె?"

ఇక్కడిదాకా లాభమే. చేయి కడుక్కుని పెద్దబాపు నేరుగా కట్నాలు రాసే టేబుల్ దగ్గరికి పోయి, పేరూ ఊరూ స్పష్టంగా చెప్పి, 5,116 చదివించి, అప్పుడు తలెత్తి ఫ్లెక్సీ చూశాడు. ఫ్లెక్సీలో పెళ్లికొడుక్కి కోరమీసాలున్నాయి. మావాడికి ఇంకా మూతి మీద నూగు కూడా సరిగా రాలేదు.

నోట్‌బుక్ పిలగాడు పేరు కొట్టెయ్యనన్నాడు, అపశకునమట. "మీ ఇంట్ల పెండ్లయితే మావోళ్లు మళ్ల పెడతరు తాతా" అని ధైర్యం చెప్పాడు. ఫాలో ఆన్ ఆడి 2001లో కోల్‌కతాలో లక్ష్మణ్ 281 కొట్టి మ్యాచ్‌ను తిప్పాడు గానీ, చదివించిన కట్నాన్ని వెనక్కి తిప్పిన మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఇంతలో హంటర్ రోడ్డు నుంచి ఫోను. "ఏడున్నరు? తలంబ్రాలు గూడ అయినయ్. ఒక్కరు రాలే మీ తరఫున!"

ఒక్కరూ రాకపోవడమేంటని చూస్తే, మా వెనక మేనమామ, చిన్నబాపు, ఆయన తోడల్లుడు జేబుల్లోంచి కవర్లు తీస్తూ టేబుల్ ముందు వరసగా నిలబడి ఉన్నారు. స్టేషన్ దగ్గర వాళ్లకెవరో మా కారు చూపించారట.