పళ్ల నొప్పి సరే, బుగ్గల సంగతి?
పళ్లకు క్లిప్పులు వేయించుకున్నాక నొప్పి వారంలో సర్దుకుంటుందని మీ వ్యాసంలో రాశారు. పళ్ల సలుపు వరకు నిజమే. మా పాపకు సంక్రాంతి ముందు నల్లగొండలో వేయించాం. రెండో రోజు అన్నం మెతుకు కూడా నమలలేకపోయింది, ఐదారు రోజులకు తగ్గింది. కానీ బుగ్గ లోపల తీగ గీరుకుని పడ్డ పుండ్లు మూడు వారాలు సతాయించాయి. డాక్టర్ ఇచ్చిన మైనం బఠాణీ గింజంత తీసి, తడి తుడిచాక క్లిప్పు మీద అద్దితేనే నిలిచేది. లేదంటే ఊడి అన్నంలో కలిసేది. ఆ ముక్క మీరు రాయాల్సింది. జొన్న రొట్టె పప్పుచారులో నానబెట్టి పెట్టాం. సకినాలు వద్దన్నా చాటుగా ఒకటి కొరికింది, ఒక క్లిప్పు ఊడింది. దాన్ని అతికించడానికి మళ్లీ మా దేవరకొండ నుంచి నల్లగొండ బస్సెక్కాం.