మెథనాల్ ఓడ సరే, కరెంటు ఏదీ?

2023 సెప్టెంబరులో కోపెన్‌హాగన్ రేవులో 'లారా మార్స్క్' కంటైనర్ ఓడకు పేరు పెట్టినప్పటి నుంచి, సరకు నౌకల భవిష్యత్తు మెథనాల్ అనే ఆల్కహాల్ ఇంధనానిదేనన్న మాట జోరందుకుంది. ఇంజిన్ వరకైతే నిజమే. కాస్త డీజిల్ మంటతో మెథనాల్‌ను రాజేసే డ్యూయల్ ఫ్యూయల్ (రెండు ఇంధనాల) ఇంజిన్లు ఇప్పుడు ఆర్డరిస్తే దొరుకుతాయి. చిక్కంతా ట్యాంకు దగ్గర, దాన్ని నింపే దగ్గర.

రోజుకు 60 టన్నుల ఫర్నేస్ ఆయిల్ తాగే ఓడనే తీసుకోండి. కిలో మెథనాల్‌లో ఉండే శక్తి చమురులో సగమే కాబట్టి రోజుకు 120 టన్నులు పోయాలి. పైగా ఇది తేలిక. 25 రోజుల ప్రయాణానికి 1,550 ఘనపు మీటర్ల ట్యాంకు సరిపోయే చోట 3,800 కావాలి. ఎల్ఎన్‌జీలా (ద్రవ సహజవాయువులా) మైనస్ 162 డిగ్రీల చలి అక్కర్లేకపోవడం ఒక్కటే ఊరట. 12 డిగ్రీలకే ఆవిరి అంటుకుంటుంది గనుక ట్యాంకులో ఖాళీని నైట్రోజన్‌తో నింపాలి. ఇంజిన్ గదిలో రెండు పొరల పైపులు వేసి, పొరల మధ్య గాలిని గంటకు 30 సార్లు మార్చాలి. మంట పగటి వెలుగులో కంటికి ఆనదు; థర్మల్ కెమెరా లేకపోతే మంటలోకే నడిచి వెళ్లే ప్రమాదముంది. జిడ్డు లేని ద్రవం కావడంతో పంపులు, ఇంజెక్టర్లు తొందరగా అరుగుతాయి. ఇవన్నీ ఇంజినీర్లు దారికి తెచ్చుకున్న తలనొప్పులే.

దారికి రానిది కరెంటు. సహజవాయువుతో చేసిన మెథనాల్ పోస్తే, తయారీ నుంచి పొగగొట్టం దాకా లెక్కేసినప్పుడు ఉద్గారాలు ఫర్నేస్ ఆయిల్ కంటే సుమారు పది శాతం ఎక్కువే. అందుకే సౌర, పవన విద్యుత్తు లాంటి పునరుత్పాదక కరెంటుతో చేసే హరిత మెథనాల్ కావాలి. దాని టన్నుకు దాదాపు 190 కిలోల హైడ్రోజన్, 1.4 టన్నుల కార్బన్ డయాక్సైడ్ కావాలి. ఆ హైడ్రోజన్‌ను నీటి నుంచి విడదీయడానికే పది వేల యూనిట్ల కరెంటు ఖర్చు. అంటే మన ఓడ ఒక్కదానికే రోజుకు 12 లక్షల యూనిట్లు!

ఓడలకు మరో ఇంధనంగా చెబుతున్న, కాకినాడలో తలపెట్టిన హరిత అమ్మోనియాకు కార్బన్ గొడవ లేదు, కరెంటు ఆకలి మాత్రం అంతే. పైగా విషవాయువు, గాలిలో పది లక్షల వంతుల్లో 300 చేరితే ప్రాణాపాయం. సరిగా మండకపోతే వెలువడే నైట్రస్ ఆక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు వేడి పెంచుతుంది.

ఓడల ఉద్గారాలపై రుసుము, అంటే కార్బన్ ధర, పెడితే హరిత ఇంధనాలకు గిరాకీ పుట్టేది. ఆ నిర్ణయాన్ని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2025 అక్టోబరులో ఏడాది వాయిదా వేసింది. ఈలోగా ఓడల యజమానులు ఇంధనం మార్చడం కంటే తగ్గించడంపై డబ్బు పెట్టడమే తెలివైన పని. 2023లో 'పిక్సిస్ ఓషన్' నౌకపై బిగించిన 37.5 మీటర్ల రెండు గట్టి తెరచాపలు సగటున రోజుకు మూడు టన్నుల చమురు మిగిల్చాయి. వేగం పది శాతం తగ్గించినా, అదే దూరానికి ఇంధనం దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. దానికి కొత్త ట్యాంకూ అక్కర్లేదు, కొత్త ఇంజినూ అక్కర్లేదు.