రాతికి భయపడి జిగురును తెచ్చుకోవడం

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈ నెలలో నాలుగోసారి అదే సందేశం వచ్చింది. గ్రానైటు నుంచి క్యాన్సర్ వాయువు వస్తుందట, టైల్సు రసాయనాలు వదులుతాయట, పాలరాయి కీళ్లను తినేస్తుందట; అందువల్ల ‘సహజమైన’ వుడెన్ ఫ్లోరింగ్ వేయించి, పసిపిల్లల గదిలో మెత్తని వినైల్ పరవాలట, అదీ కుదరకపోతే పేడతో అలకాలట, అది రేడియేషన్‌ను పీల్చేస్తుందట. మూడుసార్లు చూసీ చూడనట్లు ఊరుకున్నాను. మా బాబాయి కూతురు దీన్ని నమ్మి, గ్రానైటు వద్దనుకుని లామినేట్ పలకలకు అడ్వాన్సు ఇచ్చిందని తెలిశాక ఊరుకోబుద్ధి కాలేదు.

గ్రానైటులో యురేనియం, థోరియం లేశమాత్రంగా ఉంటాయి; వాటి నుంచి పుట్టే రేడాన్ అనే వాయువు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుంది. ఇంతవరకు అబద్ధం లేదు. అయితే ఇళ్లలో చేరే రేడాన్‌లో అధికభాగం పునాది కింది నేల నుంచి పగుళ్లగుండా పైకి వచ్చేదే. హైదరాబాదు నగరమే గ్రానైటు శిలల మీద నిలబడి ఉంది. కాళ్ల కింద అంత కొండను పెట్టుకుని, పైన పరిచిన 18 మిల్లీమీటర్ల పలకను చూసి హడలిపోయేవారు ముందు ఊరు మారాలి. కింది అంతస్తులో ఉండేవారు ఏసీ కోసం తలుపులు, కిటికీలు ఎప్పుడూ బిగించి ఉంచకుండా గాలి ఆడనిస్తే, రాయి మార్చడం కంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

విట్రిఫైడ్ టైల్సు దాదాపు 1200 డిగ్రీల కొలిమిలో కాలి వస్తాయి. ఆ మంటను తట్టుకుని దాక్కున్న రసాయనమేదో సందేశం రాసినవారే సెలవివ్వాలి. పాలరాయి ఎవరి కీళ్లనూ తినదు. గట్టి నేల మీద గంటల తరబడి నిలబడితే కాళ్లు లాగుతాయి, ఇంట్లో మెత్తని చెప్పులు వేసుకుంటే సరిపోతుంది. ఇక పేడకే అంత శక్తి ఉంటే అణువిద్యుత్ కేంద్రాలకు అంతంత మందపు కాంక్రీటు గోడలు కట్టడం శుద్ధ దండుగ.

అసలు ప్రమాదం ఆ ‘సహజమైన’ అన్న మాటలో ఉంది. మన దుకాణాల్లో వుడెన్ ఫ్లోరింగ్ పేరుతో చవకగా అమ్మేది చాలావరకు లామినేట్. చెక్కను పీచుగా నలిపి, జిగురు కలిపి, వేడితో అదిమి చేసిన అట్టకు, టేకు ఫొటో ముద్రించిన కాగితం అంటించి, దాని మీద ప్లాస్టిక్ పూత వేస్తే అది తయారవుతుంది. అంటే అందులో కంటికి కనిపించే చెక్క కేవలం ఫొటో! ఆ జిగురు సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్. ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. రేడాన్ కూడా ఆ వర్గంలోనే ఉంది. కొత్త లామినేట్ పలకల నుంచి ఫార్మాల్డిహైడ్ నెలల తరబడి వెలువడుతూ కళ్లను, గొంతును మండిస్తుంది. వేడి, గాలిలో తేమ పెరిగేకొద్దీ మరింతగా వెలువడుతుంది. మే నెల విజయవాడలో, మూసిన పడకగదిలో దీన్ని పరిచి, క్యాన్సర్ నుంచి తప్పించుకున్నామని సంబరపడమంటున్నారు.

వినైల్ అంటే పీవీసీ. దాన్ని మెత్తబరచడానికి చాలాకాలంగా వాడుతున్న థాలేట్లు అనే రసాయనాలు మెల్లగా బయటికి వచ్చి ఇంటి దుమ్ములో చేరతాయి. నేల మీద పాకి, ఆ చేతినే నోట్లో పెట్టుకునే పాపాయి గదికే దీన్ని సిఫారసు చేసిన మహానుభావుడు ఎవరో గాని ఆయనకు ఒక నమస్కారం. ఖర్చు తగ్గాలంటే తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లు లేవా? అవి సున్నపురాళ్లు కాబట్టి యాసిడ్ పోసి కడగకుండా ఉంటే చాలు.

మా చెల్లెలి అడ్వాన్సు తిరిగి రాదంటున్నారు. అలాగైతే ఫార్మాల్డిహైడ్ తక్కువగా వెలువడే ‘ఈ1’ (E1) తరగతి లేదా అంతకన్నా తక్కువ వెలువరించే రకమని ధ్రువపత్రం చూపించమని ఆమె గట్టిగా అడగాలి; పరిచాక కిటికీలు తెరిచి కొన్ని వారాలైనా వదిలేసి, ఆ తర్వాతే పిల్లలను ఆ గదిలో పడుకోబెట్టాలి.

ఇంత రాశాక ఒకటి ఒప్పుకోక తప్పదు. గ్రానైటు ప్రాణం తీస్తుందన్న మాట ఒక విధంగా నిజమే, కాకపోతే ఇంటివారి ప్రాణం కాదు. కట్టింగ్ మిషన్‌తో నీళ్లు పోయకుండా కోసినప్పుడు రాతిలోంచి లేచే సిలికా ధూళి, ముఖానికి తువ్వాలు తప్ప మరేమీ లేని పనివాడి ఊపిరితిత్తుల్లో దిగి, వాటిని గట్టిపరిచే సిలికోసిస్ జబ్బు తెస్తుంది. సిలికా మరీ ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ కృత్రిమ పలకలను ఆస్ట్రేలియా 2024 జూలై నుంచి నిషేధించింది కూడా ఈ కారణంతోనే. మా చెల్లెలు వంటగట్టుకు మాత్రం గ్రానైటే వేయిస్తోంది. నీళ్లు పోస్తూ కోయమని మేస్త్రీకి చెప్పి, పనివాళ్లకు సరైన మాస్కులు కొనివ్వమన్నాను.