శుభలేఖ వెనకాల ఎస్టిమేటు

మానిక, కుంచం, పుట్టి లాంటి కొలతలన్నీ పోయాయని బెంగపడేవాళ్లు ఒకసారి పాత ఇంటికి కరెంటు పని పెట్టి చూడాలి. తెలుగునాట ఇంకా పచ్చగా బతికున్న కొలత ఒకటుంది. దాని పేరు పాయింటు: కరెంటు పనిలో వైరు లాగి ఇచ్చే ఒక్కో లైటు, ఫ్యాను, ప్లగ్గు చోటు. బరువుండదు, పొడవుండదు, తూనికల శాఖ ముద్ర ఉండదు. అయినా లెక్కంతా దాని మీదే తేలుతుంది.

ట్యూబులైటు ఒక పాయింటు, ఫ్యాను ఒక పాయింటు. మరి రెగ్యులేటరు? బేరమాడేటప్పుడు ఫ్యానులో భాగం, బిల్లు రాసేటప్పుడు స్వతంత్ర రాజ్యం. మెట్ల లైటుకి కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి. వెలిగేది ఒక్క బల్బే గనక ఇంటాయన ఒకటంటాడు. రెండు టూవే స్విచ్చిలూ వాటి మధ్య అదనపు వైర్లూ తనే లాగాలి గనక ఎలక్ట్రీషియన్ రెండంటాడు. ఇద్దరిదీ న్యాయమే. ముందుగా కాగితం మీద రాసుకుంటే ఐదు నిమిషాల పని. చివర్లో తేల్చుకోవాలంటే పెద్దమనుషులు కూర్చోవాలి.

ఎస్టిమేటుకీ ఒక విధి ఉంది. ఎలక్ట్రీషియన్ గుమ్మంలో నిలబడి, లోపలికి తొంగి చూసి, "పైపులున్నాయి కద్సార్, వైరు మారిస్తే అయిపోద్ది" అంటాడు. అంచుకు పసుపు రాసిన శుభలేఖ వెనకాల అంకె పడుతుంది. కింద గీత. గీత కింద ఇంకో గీత. ఇక దానికి తిరుగులేదు.

పైపులున్న మాట నిజమే. విజయవాడ సత్యనారాయణపురంలోనైనా, వరంగల్ మట్టెవాడలోనైనా, నలభై ఏళ్ల ఇంటి గోడలో ఇనప పైపు ఉంటే అది తుప్పు పట్టి, వైరు తొడుగు పెళుసెక్కి, రెండూ విడదీయరాని దాంపత్యం చేస్తుంటాయి. వైరు లాగడానికి పైపులోకి స్ప్రింగు తోస్తే రెండో మలుపు దగ్గర ఆగుతుంది. పాత వైరుకి కొత్తది కట్టి లాగితే సగం చేతికొస్తుంది, సగం గోడలోనే సమాధి. అందుకని బేరానికి ముందే రెండు మూడు బోర్డులు విప్పించి, పాత వైరు కదులుతుందో లేదో లాగి చూడమనడం ఉత్తమం. గంట పని. ఎవరూ అడగరు, అపశకునం అనుకుంటారు కాబోలు.

పైపు పనికిరాకపోతే గోడ కొయ్యాలి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ కోత మిషన్‌కి బుద్ధిగా లొంగుతుంది. మట్టి అడుసుతో కట్టిన రాతి గోడలో అంగుళం గాడి కొడితే తట్టెడు రాయి రాలుతుంది. నాలుగున్నర అంగుళాల గోడకి రెండు వైపులా ఒకేచోట స్విచ్చి బాక్సులు పెడితే వంటింట్లోంచి పడగ్గది కనిపిస్తుంది. శ్లాబుని కొయ్యకూడదు, లోపల ఇనుముంది. మరి గది నడుమ ఫ్యాను దాకా వైరు ఎలా పోవాలి? ఫాల్స్ సీలింగో, వైరు దాచే కేసింగ్ పట్టీనో. శుభలేఖలో రెండూ ఉండవు. గాడి కొట్టేది ఎలక్ట్రీషియన్, పూడ్చేది తాపీ మేస్త్రీ, లప్పం పెట్టేది పెయింటరు. రాలిన మట్టి ఎవరెత్తాలో ఆ ముగ్గురికీ తెలియదు.

వైరు లెక్క మరీ రమ్యంగా ఉంటుంది. డీబీ (ఇంటి లైన్లన్నీ పంచే బోర్డు) నుంచి ఏసీ దాకా టేపు పట్టి ఇంటాయన 10 మీటర్లని తేలుస్తాడు. వైరు టేపు దారిన పోదు. పైకెక్కి, గోడ వెంబడి తిరిగి, కిందికి దిగేసరికి 15 అవుతుంది. కరెంటు తెచ్చే ఫేజు, తిరిగి తీసుకెళ్లే న్యూట్రలు, లీకైన కరెంటుని నేలకి పంపే ఎర్తు మూడూ కలిపితే 45. అంటే 90 మీటర్ల కాయిల్లో సగం ఒక్క ఏసీకే చెల్లు. పైగా ఫేజు, న్యూట్రలు 4 స్క్వేర్ ఎమ్ఎమ్ లావు వైరు వెయ్యాలి. బోర్డుదీ ఇదే తంతు, అక్కడ లెక్క మాడ్యూళ్లలో, అంటే గడుల్లో. మూడు లైట్ల స్విచ్చిలు, ఫ్యాను స్విచ్చి, రెండు మాడ్యూళ్ల రెగ్యులేటరు, ప్లగ్గుకి రెండు, దాని స్విచ్చికి ఒకటి: మొత్తం 9. ఎనిమిది బాక్సులో తొమ్మిది పట్టవు గనక 12 బాక్సు కొనాలి, ఖాళీలకి మూతలు కొనాలి, గోడ ఇంకాస్త కొయ్యాలి.

ఎర్తు సంగతికొస్తే అది పాత ఇళ్లలో నమ్మకానికి సంబంధించిన విషయం. మూడు పిన్నుల ప్లగ్గు ఉంటుంది, పెద్ద పిన్నుకి వైరుండదు. ఉన్నా అది నల్లా పైపుకి కట్టి ఉంటుంది, ఆ పైపు ఎప్పుడో పీవీసీ అయింది. ఇంకా తెలివైన ఏర్పాటు, లోపల ఎర్తుని న్యూట్రల్‌కి కలిపేయడం. ఏదో ఒకరోజు న్యూట్రలు తెగిందా, ఫ్రిజ్ ఒళ్లంతా కరెంటే. ఇలాంటి ఇంటికి 30 మిల్లీఆంప్స్ కరెంటు లీకైతే లైను తెంపే ఆర్‌సీసీబీ పెడితే అది బిగించిన సాయంత్రమే పడిపోతుంది. ఒక గది న్యూట్రల్‌ని ఆ ఆర్‌సీసీబీ కిందికి రాని సర్క్యూట్ వాడుకోవడమో, పాత వైరు లీకవడమో కారణం. వైరు లీకుని కొలిచే మెగ్గర్‌తో 500 వోల్టుల దగ్గర పరీక్షించి, 1 మెగాఓమ్‌కి తగ్గిన లైను ఏదో పట్టుకుంటే లీకు దొరుకుతుంది. కానీ మన తీర్పు వేరు: "పీస్ బాలేద్సార్, డైరెక్ట్ చేసేశా." అంటే దాన్ని తప్పించి లైను నేరుగా కలిపేశాడు. చెడ్డ వార్త తెచ్చిన వాణ్ణి ఉద్యోగంలోంచి తీసేశాం. లోడు మించితే పడిపోయే ఎంసీబీకీ అదే శిక్ష: 2.5 స్క్వేర్ ఎమ్ఎమ్ వైరు మీద 16కి బదులు 32 ఆంప్స్ ఎక్కిస్తారు. ఆపైన వైరు కాలుతుంది గానీ ఎంసీబీ పడదు. ఇంటిల్లిపాదికీ ప్రశాంతత.

కరెంటు సర్వీసు 1 కిలోవాట్‌కి తీసుకున్నది. అప్పట్లో నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు. ఇప్పుడు ఏసీలు రెండు కలిపి 3 దాటుతాయి, గీజరు 2, ఇండక్షన్ పొయ్యి 2, ఒక హెచ్‌పీ మోటారు ముప్పావు. దాదాపు 8 అయింది. లోడు పెంచమన్న దరఖాస్తు, త్రీ ఫేజ్ మీటరు, కిలోవాట్‌కింతని కట్టే ఛార్జీలు, డిపాజిట్, ఇవన్నీ శుభలేఖ అంచుల బయట జరిగే వ్యవహారాలు.

పెయింటు ఆరాక, గృహప్రవేశానికి రెండు రోజుల ముందు, ఎవరో ఇన్వర్టరు మాటెత్తుతారు. దానికి లైట్లు, ఫ్యాన్లకి వేరే లైను ముందే లాగి ఉండాలి. లాగలేదు. కొత్త గోడ మీద మేకులు దిగి, హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్ల పట్టీ వెళుతుంది. దాని మీద వెంకటేశ్వరస్వామి క్యాలెండరు తగిలిస్తారు. పట్టీ పొడవు పన్నెండు అడుగులు, క్యాలెండరు అడుగున్నర.